తువ్వాలు కింద బేరం

నాకు కోపం ఎక్కువ. ఈ మాట పుట్టింట్లో అన్నారు, మెట్టినింట్లో అన్నారు, నేను ఇంగ్లీషు పాఠం చెప్పే జూనియర్ కాలేజీలో పిల్లలు నా వెనకాల ఇప్పటికీ అనుకుంటూనే ఉంటారు. ఎవరూ అబద్ధం ఆడలేదు. అందుకే ముందే చెబుతున్నాను, ఇది చల్లబడ్డాక రాస్తున్నది కాదు. హైదరాబాదులో జరిగే ఒక ఆటల సభకి తయారైన ఆ వారాల్లో మా బల్ల చుట్టూ నలుగురం కూర్చునేవాళ్ళం. అందులో ముగ్గురి మీద నాకు పీకల దాకా కోపం. నాలుగో మనిషిని నేనే.

ఆట సంగతి చెప్పకపోతే మీరూ మా ప్రిన్సిపాల్ లాగే పేకాట అనుకుంటారు. పేకాట కాదు, క్యారమ్స్ కాదు, ఫోనులో ఆడేది అసలే కాదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు ఆ కథలో ఒక్కో మనిషి అవుతారు. "వాగు పొంగుతోంది, చీకటి పడుతోంది, నువ్వు ఇవతలి ఒడ్డున ఉన్నావు, ఏం చేస్తావు?" అని కథ నడిపేవాళ్ళు అడుగుతారు. ఈదుతానంటే ఈదొచ్చు, వెనక్కి పోతానంటే పోవచ్చు, పక్కవాణ్ణి తోసి చూస్తానన్నా కాదనరు. అనుకున్నది జరిగిందా లేదా అనేది మాత్రం పాచికలు వేసి తేలుస్తారు. ఇంత చెప్పాక అందరూ ఒకటే ప్రశ్న అడుగుతారు, చివరికి గెలిచేది ఎవరని. ఎవరూ గెలవరు. మరి ఎందుకు ఆడటం అంటారు. అలా అడిగేవాళ్ళకి నేను సమాధానం చెప్పడం మానేశాను.

మీకు చెబుతాను. పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక మనిషి తక్కువయ్యారని నన్ను కూర్చోబెట్టారు. ఆ ఆటలో నేను దొంగని. గోడ దూకాను, కాపలావాడికి కట్టుకథ చెప్పాను, పట్టుబడబోయి తప్పించుకున్నాను. మర్నాడు క్లాసులో గ్రామరు చెబుతున్నానే గాని, లోపల ఇంకా పరిగెడుతూనే ఉన్నాను. ఇల్లు, కాలేజీ, చర్చి, మళ్ళీ ఇల్లు. ఈ నాలుగు గోడల మధ్య తిరిగే మనిషికి వారానికి మూడు గంటలు ఇంకొకరుగా బతకమని చోటిచ్చింది ఆ బల్ల ఒక్కటే. దానికోసం ఎవరితోనైనా పోట్లాడతాను. పోట్లాడాను కూడా.

ఆటని మా ఇంటికి తెచ్చింది మా ఆయన స్నేహితుడు. ఇద్దరూ ఇంజనీరింగు చదివేటప్పుడు హాస్టల్లో ఒకే గది. మా ఆయన గుంటూరులో కరెంటు ఆఫీసులో కుదురుకున్నారు. స్నేహితుడికి మంగళగిరిలో కొత్తగా లేచిన అద్దాల ఆఫీసుల్లో ఒకదానిలో పెద్ద ఉద్యోగం. నేను మనసులో మంగళగిరాయన అనుకునేదాన్ని, ఇక్కడా అలాగే అంటాను. కథ నడిపేది ఎప్పుడూ ఆయనే. విదేశాల నుంచి తెప్పించిన పెట్టె ఆయనది, అందులో బొమ్మలు ఆయనవి, రాక్షసుడి గొంతు, ముసలి మంత్రగాడి గొంతు కూడా ఆయనవే, అన్నీ ఇంగ్లీషులో. కథలన్నీ మంచుకొండల్లో జరిగేవి. మే నెలలో గుంటూరులో ఫ్యాను కింద చెమటలు కక్కుకుంటూ మేము చలికి వణికేవాళ్ళం.

మొదటిసారి ఏదో పొరపాటున దొంగని చేశారు గాని, తర్వాత నాకెప్పుడూ వైద్యురాలి పాత్రే. దెబ్బలు తగిలిన వీరులకి వెనకాల ఉండి కట్లు కట్టడం నా పని. ఆట మధ్యలో టీ పెట్టేది కూడా నేనే కాబట్టి రెండింటికీ పెద్ద తేడా తెలిసేది కాదు. ఆయన నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు. చెల్లెమ్మా అన్నాడంటే నా దగ్గర్నించి ఏదో ఒకటి తీసుకోబోతున్నాడని అర్థం. నాకది తెలుసు. తెలిసీ కొన్నేళ్ళు ఊరుకున్నాను, ఎందుకంటే ఆట ఆయన పెట్టెలో ఉంది.

చివరికి విసుగెత్తి నా కథ నేనే నడుపుతానన్నాను. మంచుకొండలు వద్దు, రాక్షసులు వద్దు. మిరపకాయ కళ్ళంలో ఎండుతోంది, పడమట మబ్బు కమ్ముకొస్తోంది, వాన పడేలోపు కాయని గోనెల్లోకి ఎత్తి గుంటూరు కోల్డ్ స్టోరేజీకి చేర్చాలి. అంతే కథ. ఒకడు కౌలు రైతు, ఒకడు ట్రాక్టరు తోలేవాడు, ఒకావిడ వానకి కప్పే పట్టాలు అద్దెకిచ్చే మనిషి. ఎవరి అవసరం వాళ్ళది. వాన ఎవరి మాటా వినదు. మిరపకాయ తడిస్తే ఏమవుతుందో ఈ నేల మీద పుట్టినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు, అందుకే నాకు ఏ రాక్షసుడూ అవసరం లేకపోయింది.

సరిగ్గా అప్పుడు మా అత్తగారు ఒంగోలులో కూతురి దగ్గర్నించి తిరిగొచ్చారు. ఏడాదిలో సగం రోజులు ఆవిడ అక్కడే, ఇన్నేళ్ళూ మా ఆట సాగింది ఆ రోజుల్లోనే. ఇల్లు ఆవిడదే. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయిన మనిషి, ఇప్పటికీ ఇల్లంతా వార్డు అనుకుంటారు. మంచం మీద దుప్పటి ముడత పడకూడదు, తలుపు చప్పుడు కాకూడదు. సబ్బు డబ్బాలో దాచిన మా పాచికలు మొదటి వారంలోనే ఆవిడ కంట్లో పడ్డాయి. ఆ డబ్బా తీసుకెళ్ళి తన బీరువాలో పెట్టి తాళం వేసేశారు. అడిగితే, సిలువ కింద కూర్చుని ప్రభువు అంగీ కోసం చీట్లు వేసుకున్నవాళ్ళ ఆట తన కప్పు కింద జరగదన్నారు. అవి చీట్లు కావండీ, పాచికలు అన్నాను. అయితే మరీ మంచిది, జూదమన్నమాట అన్నారు. మా ఆయన వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూశారు. గోడ మీద పిల్లికైనా ఎప్పుడో ఒకప్పుడు దూకాల్సొస్తుంది, మా ఆయనకి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ రోజు వంటింట్లో గిన్నెలు ఎంత గట్టిగా తోమానంటే పక్కింటావిడ గోడ మీదనుంచి ఏమైందని అడిగింది. నా సొంత ఆట మొదలుపెట్టబోయే ముందు పాచికలు పోయాయి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఎప్పుడో రోము సైనికులు చేసిన పాపం నా సబ్బు డబ్బా మీద పడింది. కోపంతోనే ఆలోచించాను. పాచిక లేకుండా, చీటీ లేకుండా, అయ్యేదీ కానిదీ ఎలా తేల్చాలి? తోముతున్న గిన్నె చేతిలో ఉండగానే మా నాన్న గుర్తొచ్చాడు.

మాది కనిగిరి వైపు మెట్ట. మా నాన్న ఎడ్ల బేరగాడు. మేమూ చర్చికి వెళ్ళే కుటుంబమే, కాని సంత రోజున ఆయనకి ఇంకో దేవుడున్నాడా అనిపించేది. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా నిలబడతారు, మధ్యలో బేరగాడు. చేతుల మీద తువ్వాలు కప్పుతారు. దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది ఉన్నా లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు, మొహాలు చూసి ఊహించుకోవాల్సిందే. అరచెయ్యి గట్టిగా నొక్కితే బేరం కుదిరినట్టు. తువ్వాలు తీసేశాక ఆ మాట పైకి అనకూడదు, కాదనకూడదు. మా నాన్న కాళ్ళ దగ్గర నిలబడి నేను ఆ తువ్వాలు కిందికి తొంగిచూడబోతే చెవి మెలిపెట్టేవాడు. ఆడపిల్ల చూడాల్సింది కాదనేవాడు.

నా ఆటకి అదే సూత్రం పెట్టాను. ఆడేవాళ్ళు ఏదైనా కష్టమైన పని చేస్తానంటే, కథ నడిపే నేను, వాళ్ళు తువ్వాలు కింద చేతులు పెడతాం. ఆ పనికి నేను నాలుగు వేళ్ళు అడుగుతాను. అంటే ఆ పని అవుతుంది గాని, దానికి బదులుగా ముందు ముందు నాలుగు కష్టాలు వాళ్ళ మీద పడతాయి. వాళ్ళు ఒక వేలు ఇస్తానంటారు. మెల్లగా ఎక్కడో కుదురుతుంది. ఆ కష్టాలు ఎప్పుడు, ఏ రూపంలో వస్తాయన్నది నా ఇష్టం. ఎన్ని మిగిలి ఉన్నాయన్నది మా ఇద్దరికే తెలుసు. బల్ల దగ్గర మిగతావాళ్ళకి తెలిసేది ఒక్కటే, ట్రాక్టరు ఒడ్డెక్కింది గాని వీడు దేనికో ఒప్పుకున్నాడని. పాచికల్లో లేని భయం ఇందులో ఉంది. మొదటిసారి ఆడినప్పుడు మా ఆయన మొహంలో చెమట చూసి నాకు ఎంత ఆనందమైందో చెప్పలేను.

మా అత్తగారు మొదట కాపలాకి కూర్చున్నారు. చేతిలో పాటల పుస్తకం, చూపు మా మీద. రెండో వారం పుస్తకం మూశారు. మూడో వారం, పట్టాలు అద్దెకిచ్చే ఆవిడ పాత్ర చేస్తున్న మా ఆయనతో, ఆవిడ అంత మెతక మనిషైతే ఈపాటికి అడుక్కుతినేది, లేచి అవతలికి పొమ్మన్నారు. ఆ కుర్చీలో ఆవిడ కూర్చున్నాక ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు. వాన రాబోతుంటే రైతు కాళ్ళావేళ్ళా పడినా ఒక్క పట్టా ఇవ్వరు. పైగా రెండు పట్టాలు గడ్డివాములో దాచానన్నారు. దాచాలంటే తువ్వాలు కిందికి రావాలన్నాను. మూడు వేళ్ళు అడిగాను. ఒకటి ఇచ్చారు. నేను వదల్లేదు, ఆవిడా వదల్లేదు. పెళ్ళినాడు చర్చిలో పీఠం దగ్గర కూడా ఆవిడ నా చెయ్యి పట్టుకోలేదు. ఇంతకాలం ఒకే ఇంట్లో ఉండి మేము మొదటిసారి చేతులు పట్టుకున్నది ఒకరి మీద ఒకరం గెలవడానికి. నాకు ఆ సంగతి బాధగానూ అనిపించింది, నవ్వూ వచ్చింది. ఒక్క వేలికే ఒప్పించుకుని లేచారు ఆవిడ.

మంగళగిరాయన ఇదంతా చూసి, చాలా ఆథెంటిక్‌గా ఉంది చెల్లెమ్మా అన్నాడు. హైదరాబాదు సభ పెట్టేవాళ్ళు ఆయనకి తెలుసు. కిందటేడు వెళ్ళి ఆడొచ్చాడు. రెండు రోజులు పెద్ద హాల్లో వరసగా బల్లలు వేస్తారు, ఒక్కో బల్ల మీద ఒక్కో ఆట, ఎవరు కావాలంటే వాళ్ళు వచ్చి కూర్చోవచ్చు. మన ప్రాంతం ఆట ఏదైనా ఉందా అని వాళ్ళు వెతుకుతున్నారట. ఫోనులో మాట్లాడి ఒక బల్ల ఇప్పించాడు. ఆ రోజు నేను ఎంత సంతోషించానంటే, అందరికీ అడక్కుండానే టీ పెట్టాను.

తయారీ మొదలైంది. ఇంట్లో ఆదివారాల తరబడి సాగే కథని మూడు గంటల్లోకి కుదించాలి. ఆడేవాళ్ళు ఎవరో తెలియదు కాబట్టి ఒక్కో పాత్రకి ఒక్కో అట్ట రాయాలి, వాడు ఎవరు, ఏం కావాలి, దేనికి భయపడతాడు అని. కాలేజీ ఎదుట జిరాక్సు షాపులో ఆ అట్టలకి లామినేషన్ చేయిస్తుంటే షాపతను చదివి, మేడమ్, ఈ కౌలు రైతుకి లోను ఏమన్నా ఇప్పిస్తున్నారా అని అడిగాడు. ఆటలోవాడని చెప్పాను. జాలిగా చూశాడు. వాగు, కళ్ళం, గోదాము, అన్నీ ఒక పెద్ద గుడ్డ మీద రంగులతో గీశాను. పిడుగురాళ్ల దారిలో సున్నం బట్టీల పొగ ఎటు వీస్తే వాన ఎటునుంచి వస్తుందో కూడా గీశాను. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని, రిహార్సలు వేసేవాళ్ళం.

తువ్వాలు దగ్గర మొదటి గొడవ వచ్చింది. మంగళగిరాయన జరీ అంచున్న చేనేత తువ్వాలు కొనుక్కొచ్చాడు. చూడ్డానికి పెళ్ళికొడుకు భుజం మీద వేసుకునేలా ఉంది. మెత్తగా, పల్చగా, కింద ఏ వేలు కదిలినా పైకి కనిపిస్తోంది. పనికిరాదన్నాను. ఫొటోల్లో బాగుంటుందన్నాడు. ఆటకి తువ్వాలా, ఫొటోకి ఆటా అని అడిగాను. నవ్వాడు. నేను కోప్పడినప్పుడు ఆయన నవ్వుతాడు, అప్పుడు చూసేవాళ్ళకి తప్పు నాదిలా కనిపిస్తుంది.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. కథ నడిపేవాడిగా సభవాళ్ళకి ఆయన చెప్పింది తన పేరు. నేను పక్కన ఉండి అట్టలు పంచే మనిషిని. హైదరాబాదులో అంతమంది ముందు ఇంగ్లీషులో నడపాలి కదా, నీకెందుకు ఇబ్బంది అన్నాడు. నేను బతుకుతున్నదే ఇంగ్లీషు చెప్పి. తెలుగులో నడపాలని రాసుకున్నది రాక కాదు, మబ్బు పట్టినప్పుడు కళ్ళంలో ఎవరూ ఇంగ్లీషులో అరవరు కాబట్టి. ఆ మాటే అన్నాను, ఇంతకంటే గట్టిగా. ఆయన మా ఆయన వైపు తిరిగి, గొంతు తగ్గించి, పుండు మీద కారం చల్లాడు.

"అది కాదురా. రేపు అక్కడ ఎవరెవరో మగాళ్ళు వచ్చి కూర్చుంటారు. గుడ్డ కింద చెల్లెమ్మ చెయ్యి పట్టుకుంటారు. నీకు బాగుంటుందా చెప్పు."

మా ఆయన మళ్ళీ ఫ్యాను వైపు చూశారు. ఆ చూపుతోనే చెప్పినట్టయింది. నేను ఆలోచించని సంగతి కాదది. సంతలో ఏ ఆడమనిషి చెయ్యీ తువ్వాలు కిందికి వెళ్ళడం నేను చూడలేదు. కాని ఆ ఆట నా చేతుల్లో పుట్టింది. దాన్ని ఆడించడానికి ఆ చేతులే పనికిరావని ఒక మగాడు ఇంకో మగాడికి చెబుతుంటే, ఇద్దరి మధ్యా టీ కప్పులతో నిలబడి వినాల్సి రావడం నా జీవితంలో నాకు జరిగిన అవమానాల్లో పెద్దది. కప్పులు బల్ల మీద పెట్టాను. అందులో ఒకటి ఒలికింది, తుడవలేదు. వచ్చే ఆదివారం చివరి రిహార్సలని, కథ నేనే నడుపుతానని, అది చూశాక బల్ల ఎవరిదో తేల్చుకుందామని చెప్పాను. ఆయన సరేనన్నాడు. నా దగ్గర కథ మొత్తం నేర్చుకోవడానికి ఆయనకీ అదే చివరి అవకాశం.

ఆ ఆదివారం మంగళగిరాయన ట్రాక్టరు తోలేవాడు, మా ఆయన కౌలు రైతు, మా అత్తగారు పట్టాల ఆవిడ. నా పాత చారల తువ్వాలే పరిచాను. ఆట బాగా సాగింది. కోపంలో ఉన్నప్పుడు నేను కథ బాగా నడుపుతానని ఆ రోజే తెలిసింది. నల్లరేగడిలో ట్రాక్టరు కూరుకుపోయింది. వెనకాల మబ్బు. బస్తాలు దించి ఎక్కించే వ్యవధి లేదు, ఒక్క ఊపులో ఒడ్డెక్కిస్తానన్నాడు మంగళగిరాయన. తువ్వాలు కింద ఐదు అడిగాను. ఆయన రెండు ఇచ్చాడు. ఐదు దగ్గరే నిలబడ్డాను. మూడో వేలూ ఇచ్చాడు. నేను నాలుగుకి దిగాను. నా నాలుగు వేళ్ళూ పట్టుకుని, అరచెయ్యి గట్టిగా నొక్కాడు. కుదిరింది. ట్రాక్టరు ఒడ్డెక్కింది.

తర్వాత కష్టాలు ఒక్కొక్కటే దింపాను. మొదట టైరు పంచరైంది. తర్వాత తాడు తెగి రెండు బస్తాలు బురదలో పడ్డాయి. మూడోది చెప్పబోతుంటే ఆయన చెయ్యి ఎత్తాడు.

"రెండేగా చెల్లెమ్మా. అయిపోయాయి."

నాలుగన్నాను. ఆయన నవ్వి, రెండే, నీకు లెక్క తప్పింది అన్నాడు. తర్వాత మా ఆయన వైపూ, మా అత్తగారి వైపూ తిరిగి నిదానంగా వివరించడం మొదలుపెట్టాడు. చూశారా, ఇదే ఇబ్బంది, ఇంట్లోవాళ్ళమే ఇలా గొడవపడితే రేపు బయటివాళ్ళతో ఏమవుతుంది, సాక్ష్యం లేని ఆట నడవదు, ఫోనులో పాచికలు వేసే యాప్ ఉంది, అది పెట్టుకుందాం, నడిపేది నేను చూసుకుంటాను అని. అప్పుడర్థమైంది నాకు. ఆయన మర్చిపోలేదు. ఆట పనికిరాదని చూపించడానికే మాట తప్పాడు. గుడ్డ కింద జరిగింది కాబట్టి కాదనొచ్చని అనుకున్నాడు. సంతలో పెరిగినవాడెవడూ అలా అనుకోడు. కింద జరిగింది కాబట్టే కాదనకూడదు. అక్కడ అలాంటి పని చేసినవాడికి ఆ తర్వాత ఏ సంతలోనూ ఎవరూ చెయ్యి ఇవ్వరు, గొడ్లు తోలుకుని ఊరూరా తిరిగి చావాల్సిందే.

ఇదంతా నోటికి రాలేదు. నా వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను. అక్కడ చూసినవాళ్ళు లేరు, రాసుకున్నది లేదు, ఆయన మాటా నా మాటా తప్ప ఏమీ లేదు. ఆయన మాట ఎప్పుడూ తియ్యగా ఉంటుంది. నా మాట ఎలా ఉంటుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. బల్ల పోయిందనుకున్నాను.

మా అత్తగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"నా కోడలికి నోరు మంచిది కాదు నాయనా. ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ ఆ నోరు నేనే పడ్డాను. అది నా మొహాన అన్నదాంట్లో ఇంతవరకూ ఒక్క అబద్ధం లేదు. నాలుగంటే నాలుగే. మిగతా రెండూ పడు."

మంగళగిరాయన మొహంలో నవ్వు అలాగే ఉంది గాని, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆట ఆటేగా ఆంటీ, సీరియస్ అయితే ఎలా అన్నాడు. ఆట కాబట్టే అడుగుతున్నానన్నారు ఆవిడ, ఆటలోనే మాట నిలుపుకోలేనివాడు ఇంకెక్కడ నిజం చెబుతాడన్నారు. ఆయన ఇంకో కష్టం కూడా పడలేదు. ఆఫీసు ఫోను వచ్చిందని లేచాడు. ఆ ఫోను మోగడం ఎవరూ వినలేదు. పోతూ పోతూ జరీ తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. వాకిట్లో కారు తిరిగిన చప్పుడు వినిపించాక మా ఆయన, అందరం ఆ కారులోనే వెళ్దామనుకున్నాంగా అన్నారు. రైళ్ళు ఉన్నాయన్నాను.

ఆ మాటతో అయిపోయిందనుకుంటే, మా ఆయన లేవలేదు. బల్ల మీద తువ్వాలు అంచుని వేళ్ళతో మెలితిప్పుతూ కూర్చున్నారు. మంగళగిరాయన వెళ్ళాడు గాని ఆయన అన్న మాట వెళ్ళలేదు.

"అమ్మా, అదంతా సరే. అక్కడ ఎవరెవరో దీని చెయ్యి పట్టుకోవడం..." అని ఆగిపోయారు.

నేను నోరు తెరిచాను. ఆవిడ నన్ను ఆగమన్నట్టు చూశారు.

"మీ నాన్న నన్ను ఆ మాట ఒక్కసారీ అడగలేదురా. ఆస్పత్రిలో ఎంతమంది మగాళ్ళు నా చెయ్యి పట్టుకున్నారో లెక్కలేదు. ఎవరి పేరూ తెలీదు, ఏ కులమో, ఏ ఊరో తెలీదు. కొంతమంది పట్టుకునే పోయారు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకుని, ఇంటికొచ్చి నీకు అన్నం కలిపి పెట్టేదాన్ని."

మా ఆయన తువ్వాలు వదిలేశారు. ఆయన మొహం చూడలేక నేను అట్టలు సర్దాను. ఆ చెయ్యి పట్టుకుని కొన్ని వారాలుగా నేను వేళ్ళ మీద బేరమాడుతున్నాను. నాకు ఏడుపొచ్చింది, ఆవిడ ముందు ఏడవాల్సొచ్చినందుకు ఒళ్ళు మండింది. కృతజ్ఞతలు చెబుదామనిపించింది గాని, ఆవిడ అప్పటికే లేచి, ఆ మూకుడు ఇంకా నానబెట్టలేదా, రేపు పొద్దున ఎవరు తోముతారనుకున్నావని దులిపేసి లోపలికి వెళ్ళిపోయారు.

మంగళగిరాయన ఇదివరకు పంపిన సభవాళ్ళ నంబరు మా ఆయన్ని అడిగాను. ఆయనే డయల్ చేసి ఇచ్చారు. అవతల ఎవరో అమ్మాయి. గుంటూరు ఆట గురించండీ, ఒక మార్పు ఉంది, తెలుగులో ఆడిస్తాం, పాచికలు ఉండవు, చేతులతోనే అని చెప్పాను. రాసుకుంటున్నట్టుంది, మరి ఆట నడిపేది ఎవరండీ అని అడిగింది.

నేనే అన్నాను. గొంతు కాస్త పెద్దగానే వచ్చినట్టుంది, ఫోనులో కూడా అలా అరవడమేంటని లోపలి గదిలోంచి మా అత్తగారు కేకేశారు.